చిన్న ట్రాక్టరు కొనుగోలు - తయారీ సంస్థ స్థిరత్వం, పునర్విక్రయ విలువ

చిన్న ట్రాక్టరు కొనుగోలులో ధర, అశ్వశక్తి, పనిముట్ల అమరికతో పాటు పరిశీలించవలసిన ముఖ్యాంశాలు రెండు కలవు. మొదటిది తయారీ సంస్థ స్థిరత్వం, అనగా యంత్రం పనిచేసినంత కాలం దానికి విడిభాగాలు, మరమ్మతు, సలహా లభించే అవకాశం. రెండవది పునర్విక్రయ విలువ, అనగా కొన్నేళ్ళు వాడిన తరువాత యంత్రాన్ని అమ్మినపుడు చేతికి వచ్చే సొమ్ము. దీనినే వాడుకలో రీసేల్ విలువ అంటారు. ఈ రెండింటికీ దగ్గర సంబంధం ఉంది. విడిభాగాలు దొరకని యంత్రాన్ని ఎవరూ మంచి ధరకు కొనరు. ట్రాక్టరు అసలు ఖర్చు కొన్న ధర కాదు. కొన్న ధరలో నుండి అమ్మిన ధరను తీసివేయగా మిగిలినది, దానికి వడ్డీ, మరమ్మతులు, పని ఆగిన రోజుల నష్టం కలుపగా వచ్చినది.

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాదు మండలాల వంటి కూరగాయలు, పూలతోటల ప్రాంతాలలో చిన్న కమతాల రైతులకు ఈ లెక్క ముఖ్యమైనది. ఈ వ్యాసంలో ఆ ప్రాంత అవసరాలు, భారత ట్రాక్టరు పరిశ్రమలో సంస్థల ఉత్థానపతనాలు, వాటి నుండి కొనుగోలుదారు గ్రహించదగిన విషయాలు వివరించబడినవి.

చిన్న ట్రాక్టరు అనగా

చిన్న ట్రాక్టరుకు అందరూ అంగీకరించిన ఒకే నిర్వచనం లేదు. భారతదేశంలో సాధారణంగా 30 అశ్వశక్తి లోపు ట్రాక్టర్లను చిన్నవిగా, 20 అశ్వశక్తి లోపు వాటిని మినీ ట్రాక్టర్లుగా వ్యవహరిస్తారు. 2014–15లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ మార్గదర్శకాలలో 8 నుండి 20 పి.టి.ఓ. అశ్వశక్తి గల ట్రాక్టర్లు ఒక ప్రత్యేక వర్గంగా చూపబడినవి. పి.టి.ఓ. అనగా ఇంజను శక్తిని రోటవేటరు, మందు పిచికారీ యంత్రం వంటి పనిముట్లకు అందించే వెనుక షాఫ్టు. ఇంజను అశ్వశక్తి కంటే పి.టి.ఓ. అశ్వశక్తి ఎప్పుడూ కొంత తక్కువగానే ఉంటుంది. కనుక రెండు ట్రాక్టర్లను పోల్చేటపుడు రెండింటికీ ఒకే రకపు అంకెను తీసుకొనవలెను.

చిన్న ట్రాక్టరు వెడల్పు సుమారు 3 నుండి 4 అడుగులు ఉండును. అందువలన సాళ్ళ మధ్య, తోటలలో చెట్ల వరుసల మధ్య తిరుగగలదు. బరువు తక్కువ కనుక మడిలో నేల ఎక్కువగా గట్టిపడదు. అయితే లోతు దుక్కికి, బరువైన ట్రాలీకి, గట్టి నల్లరేగడి నేలలో వేసవి దుక్కికి ఇది సరిపోదు.

చేవెళ్ల – మొయినాబాదు ప్రాంతం

సురంగల్ రంగారెడ్డి జిల్లా మొయినాబాదు మండలానికి చెందిన గ్రామం. మొయినాబాదు, చేవెళ్ల రెండూ హైదరాబాదు నుండి బీజాపూరు వెళ్ళే రహదారిపై ఉన్నవి. హైదరాబాదుకు తాగునీటి కొరకు నిర్మించిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఈ ప్రాంతానికి చేరువలో కలవు. ఈ జలాశయాల పరిరక్షణకు 1996 మార్చిలో వెలువడిన 111వ జి.ఓ. పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. నగరానికి ఇంత చేరువలో వ్యవసాయ భూమి చాలాకాలం నిలిచి ఉండుటకు ఇది ఒక కారణం.

ఇక్కడ టమాట, క్యారెట్, ఆకుకూరలు, బంతి, చామంతి, గులాబి వంటి పంటలు పండిస్తారు. పూలు హైదరాబాదులోని గుడిమల్కాపూర్ మార్కెట్టుకు, కూరగాయలు రైతుబజార్లకు, ఇతర మార్కెట్లకు చేరుతాయి. ఈ పంటలకు ఒకేసారి పెద్ద దుక్కి కాక, ఏడాది పొడవునా చిన్న చిన్న మడులలో పలుమార్లు పని ఉంటుంది. ఒక మడి కోతకు వచ్చినపుడు పక్క మడిని నాటుటకు సిద్ధం చేయవలెను. గుంటల లెక్కన సాగుచేసే భూమిలో 45 అశ్వశక్తి ట్రాక్టరు మలుపు తిరుగుటకే కొంత నేల వృథా అవుతుంది. అందువలన ఇటువంటి చోట చిన్న ట్రాక్టరుకు తగిన పని ఉంది.

పునర్విక్రయ విషయంలో ఈ ప్రాంతానికి రెండు ప్రత్యేకతలు కలవు. ఒకటి, కూరగాయలు, పూలు, ద్రాక్ష, మామిడి తోటలు ఉన్నచోట పాత చిన్న ట్రాక్టరును కొనేవారు చుట్టుపక్కలనే దొరకవచ్చు. వరి, పత్తి మాత్రమే పండే చోట అదే యంత్రానికి గిరాకీ తగ్గుతుంది. రెండు, నగరం విస్తరించుచున్న కొద్దీ ఇక్కడి భూములు తోట బంగళాలుగా, స్థలాలుగా మారుచున్నవి. తోట బంగళాల యజమానులు కూడా చిన్న ట్రాక్టర్లు కొంటారు. కాని సాగుభూమి తగ్గితే పాత యంత్రాలు ఒకేసారి అమ్మకానికి వచ్చే అవకాశమూ కలదు. కొనేనాడే, అమ్మేనాటికి ఆ చుట్టుపక్కల కొనేవారు ఎవరుంటారో ఆలోచించుట ఉత్తమం.

భారత ట్రాక్టరు పరిశ్రమలో సంస్థల మార్పులు

సంఖ్యాపరంగా ప్రపంచంలోని అతిపెద్ద ట్రాక్టరు మార్కెట్లలో భారతదేశం ఒకటి. 2022–23 ఆర్థిక సంవత్సరంలో దేశంలో 9 లక్షలకు పైగా ట్రాక్టర్లు అమ్ముడైనవి. వీటిలో అధికభాగం 31 నుండి 50 అశ్వశక్తి మధ్యవి. చిన్న ట్రాక్టర్ల వాటా స్వల్పం. ఆరు దశాబ్దాలకు పైబడిన ఈ పరిశ్రమ చరిత్రలో ఎన్నో పేర్లు వచ్చినవి, కొన్ని పోయినవి. వాటి చరిత్రను పరిశీలిస్తే స్థిరత్వం అనే మాటకు పలు అర్థాలున్నట్లు తెలుస్తుంది.

తయారీ నిలిచిపోయినవి

* కిర్లోస్కర్, హర్ష: ఈ పేర్లతో 1970లలో ట్రాక్టర్లు మార్కెట్టులోకి వచ్చి, కొంతకాలానికి కనుమరుగైనవి.
* హెచ్.ఎం.టి.: ప్రభుత్వరంగ సంస్థ అయిన హెచ్.ఎం.టి. 1971లో హర్యానాలోని పింజోరులో, చెకొస్లొవేకియాకు చెందిన జెటార్ సాంకేతికతతో ట్రాక్టర్ల తయారీ ప్రారంభించింది. 25 అశ్వశక్తి గల 2511 నమూనా ప్రసిద్ధి చెందింది. 2016 అక్టోబరులో పింజోరు ట్రాక్టరు విభాగం మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ప్రభుత్వ సంస్థ కనుక ఎన్నటికీ మూతపడదనే నమ్మకం ఇక్కడ నిలువలేదు.
* ఫోర్స్: వ్యాన్ల తయారీలో పేరున్న ఫోర్స్ మోటార్స్ సంస్థ బల్వాన్, ఆర్చర్డ్, అభిమాన్ వంటి పేర్లతో ట్రాక్టర్లు తయారుచేసింది. వీటిలో తోటలకు ఉద్దేశించిన చిన్న ట్రాక్టర్లు కూడా కలవు. 2024 మార్చి 31 నాటికి ట్రాక్టర్ల వ్యాపారం నుండి ఆ సంస్థ వైదొలగింది. సంస్థ మాత్రం వాహనాల తయారీని కొనసాగించింది.

చివరి రెండు ఉదాహరణలు చాలా ముఖ్యమైనవి. హెచ్.ఎం.టి. గానీ, ఫోర్స్ మోటార్స్ గానీ సంస్థగా అంతరించలేదు. వాటి ట్రాక్టరు విభాగాలు మాత్రమే నిలిచిపోయినవి. కనుక సంస్థ పెద్దదా, లాభాలలో ఉన్నదా అని తెలుసుకొనుట ఒక్కటే చాలదు. ఆ సంస్థ ఆదాయంలో ట్రాక్టర్ల స్థానమెంత అన్నది కూడా తెలుసుకొనవలెను. ట్రాక్టర్లే ప్రధాన వ్యాపారంగా గల సంస్థ, వాటిని పక్క వ్యాపారంగా చూసే సంస్థ కంటే ఆ రంగాన్ని సులభంగా వదులుకొనదు.

యజమాని మారినా పేరు నిలిచినవి

* ఐషర్: 1959లో ఫరీదాబాదు కర్మాగారం నుండి దేశంలో తయారైన తొలి ట్రాక్టరును వెలువరించిన సంస్థ. దీని ట్రాక్టరు వ్యాపారాన్ని 2005లో చెన్నైకి చెందిన టాఫే కొనుగోలు చేసింది. ఐషర్ పేరుతో ట్రాక్టర్ల తయారీ కొనసాగింది.
* స్వరాజ్: దుర్గాపూరులోని కేంద్ర యాంత్రిక ఇంజనీరింగు పరిశోధనా సంస్థ రూపకల్పన ఆధారంగా పంజాబ్ ట్రాక్టర్స్ సంస్థ 1974లో స్వరాజ్ ట్రాక్టర్ల ఉత్పత్తి ప్రారంభించింది. 2007లో ఈ సంస్థ మహీంద్రా చేతికి వచ్చింది. 2009లో అందులో విలీనమైంది. స్వరాజ్ పేరు, దాని నమూనాలు కొనసాగినవి. తోటపంటల కొరకు 11 అశ్వశక్తి గల కోడ్ అనే యంత్రం 2021లో ఈ పేరుతోనే విడుదలైంది.

ఐషర్, స్వరాజ్ ట్రాక్టర్లు కొన్నవారికి యాజమాన్య మార్పు వలన యంత్రం అనాథ కాలేదు. బాగా అమ్ముడయ్యే పేరును కొన్న సంస్థ దానిని చంపుకొనదు. అమ్మకాలు తక్కువగా ఉన్న పేరుకు ఈ రక్షణ ఉండదు.

పేరు మారినవి

* ఫోర్డు – ఫార్మ్‌ట్రాక్: ఎస్కార్ట్స్ సంస్థ 1971 నుండి ఫోర్డు ట్రాక్టర్లను ఫరీదాబాదులో తయారుచేసింది. 1991లో ఫోర్డు తన ట్రాక్టరు వ్యాపారాన్ని ఇటలీకి చెందిన ఫియట్‌కు అప్పగించింది. దానితో ప్రపంచమంతటా న్యూ హాలండ్ పేరు వచ్చింది; ఎస్కార్ట్స్ వారు ఫార్మ్‌ట్రాక్ పేరుతో తమ ట్రాక్టర్లను కొనసాగించారు. జపానుకు చెందిన కుబోటా 2020లో ఎస్కార్ట్స్‌లో వాటా తీసుకొని తరువాత పెంచుకొనగా, 2022లో సంస్థ పేరు ఎస్కార్ట్స్ కుబోటా అయింది.
* వడోదర కర్మాగారం: హిందుస్తాన్ ట్రాక్టర్స్‌గా మొదలై, గుజరాత్ ప్రభుత్వ ఆధీనంలోకి వెళ్ళి, 1999లో మహీంద్రా ఆధిక్యంలోకి వచ్చిన ఈ సంస్థ 2017లో గ్రోమాక్స్ అను పేరు పొందింది. ట్రాక్టర్ల పేరు కూడా శక్తిమాన్ నుండి ట్రాక్‌స్టార్‌కు మారింది.
* మాసీ ఫెర్గుసన్: 1960లో నెలకొన్న టాఫే సంస్థ దశాబ్దాలుగా ఈ పేరుతో ట్రాక్టర్లు తయారుచేస్తున్నది. పేరుపై హక్కు మాత్రం అమెరికాకు చెందిన ఆగ్కో సంస్థకు ఉండేది. 2024లో ఆగ్కో ఒప్పందాలను రద్దుచేయగా వివాదం న్యాయస్థానాలకు చేరింది. 2025లో కుదిరిన రాజీ ప్రకారం భారత్, నేపాల్, భూటాన్ దేశాలలో ఆ పేరుపై హక్కు టాఫేకు లభించింది.

విదేశీ పేరుతో ట్రాక్టరు అమ్ముతున్నపుడు తయారీదారు, పేరు యజమాని వేరువేరుగా ఉండవచ్చునని ఈ ఉదంతాలు తెలుపుచున్నవి. ఇంజను, గేరుబాక్సు మారకుండా బానెట్టుపై పేరు మాత్రమే మారితే విడిభాగాలకు ఇబ్బంది రాదు. అయినను పాత పేరున్న యంత్రానికి బేరమాడేవారు దానిని ఒక సాకుగా చూపుట కలదు.

మాతృసంస్థ పోయినా యంత్రం నిలిచిన సందర్భం

అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఒకప్పుడు ప్రపంచ ప్రఖ్యాత ట్రాక్టరు సంస్థ. దాని భాగస్వామ్యంతో 1963లో ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియా ఏర్పడి బి-275 నమూనాను తయారుచేసింది. 1977లో అది మహీంద్రాలో విలీనమైంది. అప్పుల భారంతో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తన వ్యవసాయ విభాగాన్ని 1985లో అమ్మివేసింది. కాని అప్పటికే ఇక్కడ విడిభాగాలతో సహా తయారీ స్థిరపడి ఉండుటచే భారతీయ రైతుకు నష్టం కలుగలేదు. విడిభాగాలు ఎక్కడ తయారగుచున్నవన్నది సంస్థ పేరు కంటే ముఖ్యమని దీనివలన తెలుస్తుంది.

చిన్న ట్రాక్టర్ల తయారీదారులు

చిన్న ట్రాక్టర్ల రంగంలో పెద్ద సంస్థలతో పాటు ప్రత్యేక సంస్థలు కూడా కలవు.

* వి.ఎస్.టి.: 1967లో స్థాపితమైన బెంగుళూరు సంస్థ. జపానుకు చెందిన మిత్సుబిషి సాంకేతికతతో పవర్ టిల్లర్లు, శక్తి పేరుతో చిన్న ట్రాక్టర్లు తయారుచేసింది. 18.5 అశ్వశక్తి గల ఎం.టి. 180డి వీటిలో పేరొందినది.
* కెప్టెన్: గుజరాత్‌లోని రాజకోటకు చెందిన ఈ సంస్థ మినీ ట్రాక్టర్లపైనే దృష్టి నిలిపింది.
* మహీంద్రా: 15 అశ్వశక్తి గల యువరాజ్ 215, తరువాత 2017లో జీవో, 2023లో ఓజా శ్రేణులు విడుదలచేసింది. ఓజా ట్రాక్టర్లు సంగారెడ్డి జిల్లా జహీరాబాదు కర్మాగారంలో తయారగుచున్నవి.
* కుబోటా: 2008లో భారతదేశంలో అమ్మకాల సంస్థను నెలకొల్పింది. నియోస్టార్ పేరుతో 21 నుండి 27 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టర్లు ప్రవేశపెట్టింది.
* సోనాలికా: పంజాబులోని హోషియార్‌పూరుకు చెందిన ఈ సంస్థ జి.టి. శ్రేణిలో చిన్న ట్రాక్టర్లు చేస్తుంది. జపానుకు చెందిన యన్మార్‌కు ఇందులో వాటా కలదు.

ఇవి గాక జాన్ డీర్, స్వరాజ్, ఐషర్, మాసీ ఫెర్గుసన్, ఫార్మ్‌ట్రాక్ పేర్లతోనూ చిన్న నమూనాలు లభించును.

స్థిరత్వాన్ని అంచనా వేయుట

పై చరిత్రను బట్టి స్థిరత్వాన్ని నాలుగు అంచెలుగా పరిశీలించవచ్చు.

1. సంస్థ: అది ఎంతకాలంగా ఉన్నది, దాని అప్పులు, లాభనష్టాలు ఎట్లున్నవి. షేరు మార్కెట్టులో నమోదైన సంస్థ అయితే వార్షిక నివేదికలు అందరికీ అందుబాటులో ఉండును.
2. ట్రాక్టరు విభాగం: సంస్థ మొత్తం వ్యాపారంలో దీని వాటా ఎంత, కొత్త నమూనాలు వస్తున్నవా, అమ్మకాలు పెరుగుచున్నవా, తగ్గుచున్నవా.
3. నమూనా: కొనదలచిన నమూనా మార్కెట్టుకు వచ్చి ఎన్నేళ్ళయినది, దాని ఇంజను, గేరుబాక్సు అదే సంస్థ ఇతర నమూనాలలోనూ ఉన్నవా. ఒకే ఇంజను పలు నమూనాలలో ఉంటే ఒక నమూనా ఆగినా భాగాలు దొరకును. దిగుమతి భాగాలు ఎక్కువగా గల యంత్రానికి నిరీక్షణ తప్పకపోవచ్చు.
4. విక్రేత, మెకానిక్కు: ఎంత దూరంలో ఉన్నారు, ఎన్నేళ్ళుగా ఉన్నారు, విడిభాగాలు నిలువ ఉంచుతున్నారా.

రైతుకు నిత్యం అనుభవంలోకి వచ్చేది నాలుగవ అంచె. దేశమంతటా పేరున్న సంస్థ అయినా, ఆ మండలంలో విక్రేత దుకాణం మూసివేస్తే ఆ ఊరి రైతుకు సంస్థ లేనట్లే. చిన్న ట్రాక్టర్లు తక్కువగా అమ్ముడగుట వలన ఈ ప్రమాదం వీటి విషయంలో అధికం. పెద్ద ట్రాక్టర్ల మెకానిక్కులందరూ చిన్న జపాను తరహా ఇంజన్లను, ముందు చక్రాలకు కూడా శక్తినిచ్చే ఇరుసులను విప్పి అమర్చలేరు.

దీనిని పరీక్షించుటకు సులభమైన మార్గం ఒకటి కలదు. కొనుటకు ముందే విక్రేత వద్దకు వెళ్ళి క్లచ్చి ప్లేటు, హైడ్రాలిక్ పంపు సీళ్ళు, ముందు ఇరుసు సీలు, ఇంధన వడపోత గొట్టం, స్టార్టరు మోటారు అను ఐదు భాగాల ధర, అవి నిలువలో ఉన్నవా, లేనిచో ఎన్ని రోజులలో వచ్చునో అడగవలెను. అదే నమూనాను రెండు మూడేళ్ళుగా వాడుతున్న రైతులను అడిగి ఆ సమాధానాన్ని సరిచూసుకొనవలెను. సీళ్ళు, బేరింగులు, బెల్టులు వంటి సాధారణ భాగాలు ప్రామాణిక కొలతలలో ఉంటే సికింద్రాబాదు రాణిగంజ్ వంటి యంత్రసామగ్రి బజార్లలో కూడా దొరకును. ఆ నమూనాకు మాత్రమే ప్రత్యేకమైన భాగాలకే విక్రేతపై ఆధారపడవలసి ఉంటుంది.

ట్రాక్టర్ల పనితీరుపై ప్రభుత్వ పరీక్షా నివేదికలు కూడా ఉపకరించును. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలోను, దక్షిణ రాష్ట్రాల కొరకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోను కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలు కలవు. వీటి నివేదికలలో పి.టి.ఓ. శక్తి, ఇంధన వినియోగం, హైడ్రాలిక్ ఎత్తు సామర్థ్యం, పరీక్షలో తలెత్తిన లోపాలు ఉంటాయి. అయితే ఈ నివేదికలు యంత్రం గురించి చెప్పునే గాని, సంస్థ భవిష్యత్తు గురించి చెప్పవు.

పునర్విక్రయ విలువ

పాఠ్యపుస్తకపు లెక్క

వ్యవసాయ ఇంజనీరింగు పాఠ్యపుస్తకాలలో ట్రాక్టరు తరుగుదలను సరళరేఖా పద్ధతిలో లెక్కిస్తారు. కొన్న ధర నుండి శేష విలువను తీసివేసి, మిగిలినదానిని ఆయుర్దాయంతో భాగిస్తారు. సాధారణంగా ఆయుర్దాయం 10 ఏళ్ళు లేదా 10,000 గంటలు, శేష విలువ కొన్న ధరలో 10 శాతంగా తీసుకుంటారు.

ఈ పద్ధతిలో 5,00,000 రూపాయల ట్రాక్టరుకు శేష విలువ 50,000, ఏటా తరుగుదల 45,000 రూపాయలు. ఏటా 1,000 గంటలు వాడితే గంటకు 45 రూపాయల తరుగుదల పడుతుంది. కాని నాలుగైదు ఎకరాల రైతు ఏటా 300 గంటలే వాడితే అదే తరుగుదల గంటకు 150 రూపాయలు అవుతుంది. కనుక తక్కువగా వాడే చిన్న రైతుకు, ఎక్కువగా కిరాయికి తిప్పే యజమాని కంటే, పునర్విక్రయ విలువ ముఖ్యం.

ఈ సూత్రంలో ఒక లోటు ఉంది. అది అన్ని పేర్ల యంత్రాలకూ ఒకే శేష విలువను ఊహిస్తుంది. బీమా సంస్థలు వాహనానికి కట్టే విలువ కూడా ఇటువంటిదే. అందులో ఏడాది నుండి రెండేళ్ళ వాహనానికి 20 శాతం, నాలుగు నుండి ఐదేళ్ళ వాహనానికి 50 శాతం చొప్పున వయస్సును బట్టి తగ్గింపు ఉంటుంది. పేరును బట్టి కాదు. వాస్తవ మార్కెట్టులో మాత్రం ఒకే వయస్సు, ఒకే అశ్వశక్తి గల రెండు ట్రాక్టర్ల ధరలలో పెద్ద తేడా ఉండవచ్చు.

ఒక ఉదాహరణ

ఈ కింది అంకెలు లెక్క వివరించుటకు ఊహించినవి. ఏ సంస్థ యంత్రానికీ సంబంధించినవి కావు.

* మొదటి ట్రాక్టరు: కొన్న ధర 5,60,000. ఏడేళ్ళ తరువాత అమ్మిన ధర 2,80,000. తరుగుదల 2,80,000 రూపాయలు.
* రెండవ ట్రాక్టరు: కొన్న ధర 5,00,000. ఏడేళ్ళ తరువాత అమ్మిన ధర 1,50,000. తరుగుదల 3,50,000 రూపాయలు.

కొన్ననాడు రెండవది 60,000 చౌక; అమ్మిననాటికి 70,000 ఖరీదు. అయితే మొదటిదానికి అదనంగా పెట్టిన 60,000 రూపాయలపై వడ్డీని మరువరాదు. సంవత్సరానికి 9 శాతం సాధారణ వడ్డీ చొప్పున ఏడేళ్ళకు 37,800 అవుతుంది. అది పోగా మొదటి ట్రాక్టరు వలన మిగిలేది 32,200 రూపాయలు. రెండవ ట్రాక్టరు ఏడేళ్ళ తరువాత 1,82,200 రూపాయలకు మించి అమ్ముడైతే అదే లాభదాయకం. అనగా పునర్విక్రయ విలువ పేరిట ఎంత అదనపు ధర చెల్లించవచ్చుననుటకు ఒక హద్దు కలదు. చిన్న తేడా కొరకు పెద్ద మొత్తం అదనంగా చెల్లించుట నష్టమే.

దీనికి పని ఆగిన రోజుల లెక్కను కలుపవలెను. విడిభాగం రాక నాలుగు రోజులు యంత్రం నిలిచిపోతే ఆ రోజుల కిరాయి ట్రాక్టరు ఖర్చు, నారు ముదిరిపోవుట, అదను తప్పుట ఆ యంత్రపు ఖాతాలోనే చేరుతాయి. పూలు, ఆకుకూరల సాగులో ఈ నష్టం ఒక్కొక్కసారి ధరలోని తేడాను మించును.

విలువను నిర్ణయించే అంశాలు

* ఆ ప్రాంతంలో అదే పేరు యంత్రాలు ఎన్ని ఉన్నవి. ఎక్కువగా ఉంటే మెకానిక్కులు, బజారు భాగాలు, కొనేవారు దొరకుతారు.
* గంటల మీటరు చూపే వాడకం, సర్వీసు చేయించిన రశీదులు.
* టైర్ల స్థితి. వెనుక టైర్లు అరిగితే కొనేవారు కొత్త టైర్ల ధరను తగ్గించి అడుగుతారు.
* నాలుగు చక్రాలకు శక్తి గల నమూనాయా, రెండు చక్రాలదా. తోటల ప్రాంతంలో మొదటిదానికి గిరాకీ ఉన్నా, దాని ముందు ఇరుసు మరమ్మతు ఖరీదైనది.
* ట్రాక్టరుతో పాటు రోటవేటరు, కల్టివేటరు వంటి పనిముట్లు ఇచ్చుట. చిన్న ట్రాక్టరుకు సరిపోయే పనిముట్లు పెద్ద ట్రాక్టరుకు పనికిరావు కనుక వీటిని కలిపి అమ్ముట మేలు.
* కొత్త ట్రాక్టర్ల ధర. వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. కొత్తదాని ధర తగ్గినపుడు పాతదాని ధర కూడా తగ్గుట సహజం.
* రాయితీలు. ప్రభుత్వ రాయితీపై కొత్త యంత్రాలు విరివిగా దొరికే కాలంలో పాతవాటికి గిరాకీ తగ్గుతుంది.
* ఉద్గార నిబంధనలు. 2023 జనవరి 1 నుండి అమలైన ట్రెమ్-4 ప్రమాణాలు 50 అశ్వశక్తికి పైబడిన ట్రాక్టర్లకే పరిమితం కనుక చిన్న ట్రాక్టర్లపై ప్రభావం చూపలేదు.

పత్రాలు, చట్టపరమైన అంశాలు

యంత్రం ఎంత బాగున్నా పత్రాలు సరిగా లేనిచో పునర్విక్రయ విలువ సగానికి పడిపోవచ్చు. అమ్మేవారు, కొనేవారు గమనించవలసినవి:

* రిజిస్ట్రేషను పత్రంలోని ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య యంత్రంపై ఉన్న సంఖ్యలతో సరిపోవలెను. రిజిస్ట్రేషను 15 ఏళ్ళు చెల్లును, తరువాత పునరుద్ధరించుకొనవలెను.
* బ్యాంకు లేదా ఫైనాన్సు సంస్థ అప్పు తీరిన తరువాత, వారి నుండి నిరభ్యంతర పత్రము, 35వ ఫారము తీసుకొని రిజిస్ట్రేషను పత్రంలో తాకట్టు నమోదును తొలగింపజేయవలెను.
* యాజమాన్య బదిలీకి 29, 30 ఫారములు అవసరం. ఒకే రాష్ట్రంలో అమ్మినపుడు అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా కార్యాలయానికి తెలుపవలెనని మోటారు వాహనాల చట్టం నిర్దేశించుచున్నది. బదిలీ జరుగని ట్రాక్టరు ప్రమాదానికి గురైతే పరిహార బాధ్యత పాత యజమానిపై పడును.
* రాయితీపై పొందిన ట్రాక్టరును నిర్ణీత కాలం వరకు అమ్మరాదను షరతు ఉండవచ్చు. కొనేవారు ఆ మంజూరు పత్రాన్ని చూడవలెను.

పాత చిన్న ట్రాక్టరు కొనుట

తయారీ నిలిచిపోయిన పేరు గల ట్రాక్టరు తక్కువ ధరకు వచ్చును. మెకానిక్కు దగ్గరలో ఉండి, భాగాలు దొరకుతున్నవని నిర్ధారించుకొన్నవారికి అది లాభసాటి కావచ్చు. ఎందుకనగా తరుగుదల భారమంతా మొదటి యజమానియే భరించియుంటాడు. యంత్రాన్ని చల్లగా ఉన్నపుడు స్టార్టు చేయించి చూడవలెను. వేడెక్కిన తరువాత కూడా నీలిరంగు పొగ వస్తే ఇంజను ఆయిలు మండుచున్నదని, ఎడతెగని నల్లపొగ వస్తే ఇంధనం సరిగా మండుటలేదని గ్రహించవచ్చు. పనిముట్టును ఎత్తి ఇంజను ఆపినపుడు అది వెంటనే కిందికి జారితే హైడ్రాలిక్ సీళ్ళు అరిగినట్లు. పి.టి.ఓ.కు రోటవేటరు తగిలించి మడిలో అరగంట నడిపించి చూచుట అన్నింటికంటే మంచి పరీక్ష.

పునర్విక్రయ విలువకు ప్రాధాన్యం తగ్గే సందర్భాలు

యంత్రాన్ని పూర్తిగా అరిగిపోయే వరకు, 12 లేక 15 ఏళ్ళు వాడదలచినవారికి పునర్విక్రయ విలువ కంటే విడిభాగాల లభ్యత ముఖ్యం. ఏటా వందల గంటలు కిరాయికి తిప్పేవారికి ఇంధన వినియోగం, మరమ్మతు ఖర్చు ముఖ్యం. సాళ్ళ వెడల్పుకు సరిపడే యంత్రం ఒకే ఒక సంస్థ చేస్తుంటే పేరు కంటే పనికి తగినదగుటే ప్రధానం. మంచి పేరున్న యంత్రమైనా చామంతి సాళ్ళలో పట్టకపోతే దాని వలన ప్రయోజనం లేదు.

ఏడాదిలో కొద్ది రోజులే పని ఉన్నవారు కొనుట కంటే కిరాయికి తెచ్చుకొనుట మేలు. గంటకు పడే తరుగుదల, వడ్డీ, మరమ్మతు, డీజిలు, డ్రైవరు ఖర్చులు కలిపిన మొత్తం ఊరిలోని గంట కిరాయిని మించితే సొంత ట్రాక్టరు నష్టదాయకమని తెలుసుకొనవచ్చు. నలుగురైదుగురు ఇరుగుపొరుగు రైతులు కలిసి ఒక చిన్న ట్రాక్టరు కొంటే వాడకపు గంటలు పెరిగి, గంటకు పడే తరుగుదల తగ్గును. అట్టి సందర్భంలో యంత్రం ఎవరి పేరున ఉండవలెనో, అమ్మినపుడు సొమ్ము ఎట్లు పంచుకొనవలెనో ముందే వ్రాసుకొనుట అవసరం.

ఇవి కూడా చూడండి

* ట్రాక్టరు
* పవర్ టిల్లరు
* వ్యవసాయ యాంత్రీకరణ
* తరుగుదల
* మొయినాబాదు మండలం
* చేవెళ్ల మండలం